రిజిస్టరు మొత్తం జిరాక్స్ తీయకు

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు చెప్పేది పూర్తిగా వినకుండానే కోప్పడ్డాను. మీ అత్తయ్య చీవాట్లు పెట్టింది, అందుకే ఈ ఉత్తరం. ఓవర్‌టైం డబ్బులు ఇవ్వలేదని మీ పైడిభీమవరం ఫ్యాక్టరీ మీద కొందరు విశాఖపట్నం లేబర్ కోర్టుకు వెళ్లారు. ఆ విభాగంలో మూడేళ్లుగా పనిచేసిన వాళ్లందరి పేర్లు, ఫోను నంబర్లు, చిరునామాలు కావాలని వాళ్ల ప్లీడరు అడిగాడు. ‘ఉద్యోగుల గోప్యత, ఇవ్వం’ అని జవాబు రాయమని మీ మేనేజరు నీకు పురమాయించాడు. ఇంతే కదా?

ఆ జవాబుకు తొందరపడకు. ఆ గోప్యత ఎవరిది నాయనా? ఫోను నంబరు ప్యాకింగ్‌లో పనిచేసే అమ్మాయిది, కంపెనీది కాదు. మీ ప్లీడరు ఆ అమ్మాయిని ఎప్పుడంటే అప్పుడు ఆఫీసు గదికి పిలిపించుకోగలడు. అవతలి ప్లీడరుకు ఆమె పేరు కూడా తెలియదు. మీవాళ్లు కాపాడుతున్నది ఆ తేడానే. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కు అన్నది మనుషుల కోసం, యాజమాన్యాలు చాటున దాక్కోవడానికి కాదు. 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా మీ మేనేజరును ఆదుకోదు. చట్టపరమైన హక్కును సాధించుకోవడానికి అవసరమైన సమాచారానికి అందులో సమ్మతి విషయంలో మినహాయింపు ఉంది. భద్రంగా కాపాడాల్సిన బాధ్యతకు మాత్రం మినహాయింపు లేదు. ఈ రెండో మాటనే అందరూ మరిచిపోతారు. నేనూ ఒకప్పుడు మరిచిపోయినవాడినే.

జూట్ మిల్లులో హెడ్ క్లర్కుగా ఉన్నప్పుడు ఇలాగే ఒక కేసులో ఒక విభాగం వాళ్ల చిరునామాలు అడిగారు. ఎత్తిరాయడానికి బద్ధకించి, రిజిస్టరు మొత్తం జిరాక్స్ తీయించి పంపేశాను. ఒక్కో పేజీలో సొంత ఊరు, భర్త పేరు, నామినీ, వేలిముద్ర, చివరి గడిలో ఎవరో ఎర్ర సిరాతో రాసిన వ్యాఖ్యలు. ‘భర్తను వదిలి వేరుగా ఉంటున్నది’ అన్నది ఒకటి. ఆ కట్ట ఎన్ని బల్లలు తిరిగిందో తెలియదు. పదిహేను రోజులకు ఒకామె నా బల్ల దగ్గరకు వచ్చి, కొంగు వేలికి చుట్టుకుంటూ, ‘బాబూ, నా అద్దె ఇంటి అడ్రసు మా ఆయనకు ఎలా తెలిసింది?’ అని అడిగింది. తిట్టలేదు. నెల తిరగకుండానే పని మానేసింది.

కాబట్టి ఇవ్వు, కానీ అడిగినంతే ఇవ్వు. ముందు కోర్టు ఉత్తర్వు రాతపూర్వకంగా రానీ. పత్రాలు తెప్పించుకొనే అధికారం లేబర్ కోర్టుకు 1947 పారిశ్రామిక వివాదాల చట్టం నాటి నుంచే ఉంది. విడిగా ఒక కాగితం మీద పేరు, పని, ఫోను, చిరునామా, అంతే. ఆధార్, బ్యాంకు ఖాతా, కులం, వైద్య పరీక్షల రిపోర్టుల జోలికి పోకు. ఈ కేసుకు తప్ప మరి దేనికీ వాడకూడదని, ఇతరులకు ఇవ్వకూడదని షరతు పెట్టమని కోర్టునే అడగండి. కాంట్రాక్టు కూలీల నంబర్లు ఒకటికి రెండుసార్లు సరిచూసుకో. సగం మంది పేర్ల ఎదురుగా మేస్త్రీ నంబరే ఉంటుంది! (లైంగిక వేధింపుల ఫిర్యాదైతే దారి వేరు. బాధితురాలి, సాక్షుల పేర్లు, చిరునామాలు బయటపెట్టకూడదని 2013 చట్టమే నిషేధించింది.)

అసలు పని ఇవ్వడానికి ముందుంది. కాలిఫోర్నియాలో ఉన్న మీ వదినకు ఒకసారి పోస్టులో ఒక కార్డు వచ్చింది. ఆమె పాత కంపెనీ మీద జీతాల కేసు నడుస్తోందట. తన వివరాలు అవతలి ప్లీడరుకు ఇవ్వడం ఇష్టం లేకపోతే గడువులోగా కార్డు తిప్పి పంపమని అందులో ఉంది. 2007లో అక్కడి కోర్టు ఒకటి ఈ పద్ధతిని సమర్థించిన తర్వాత ఇది వాడుకలోకి వచ్చింది. 2017లో ఒక దుకాణం ఉద్యోగి కేసులోనైతే ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, కంపెనీ తోటి ఉద్యోగుల వివరాలు ఇవ్వాల్సిందేనంది. మన దగ్గర అలాంటి కార్డు తప్పనిసరి కాదు. అయినా కోర్టు అనుమతితో మీరూ ఒక ఉత్తరం పంపవచ్చు. తెలుగులో, పది వాక్యాలు మించకుండా రాయి. చదువు రానివాళ్లకు యూనియన్ మనిషి ఎదుట చదివి వినిపించండి. అభ్యంతరాలు నేరుగా కోర్టుకే చేరాలి, సూపర్‌వైజరు చేతికి కాదు.

అందులో ‘ఆ ప్లీడరుతో మాట్లాడటం, మాట్లాడకపోవడం మీ ఇష్టం, ఎలా చేసినా ఉద్యోగానికి ఇబ్బంది లేదు’ అన్న వాక్యం ఉండాలి. మీ మేనేజరు మొదట కొట్టేసేది దాన్నే. కొట్టేస్తే ఆయన చేతనే సంతకం చేయించు, నువ్వు చేయకు.

ఆదివారం ముసాయిదా పట్టుకుని రా. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగగానే ఫోను చెయ్యి, స్కూటరు మీద వస్తాను.

మీ మామయ్య