నోయిరా, నువారా?

సందేహం: మేం నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఓ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం, ఈ కాలం కథే, కలర్‌లోనే. పోస్టర్ మీద "ఫిల్మ్ నోయిర్ మూవీ" అని వేయిస్తే ఒకాయన చూసి నోయిర్ కాదు నువార్ అన్నారు. ఏది రైటు? "బ్లాక్ అండ్ వైట్ సినిమా" అని తెలుగు చెయ్యొచ్చా?

సమాధానం: ఆయన చెప్పిందే రైటండి. ఇది ఫ్రెంచి మాట, నల్లనిది అని అర్థం. ఆ స్పెల్లింగ్‌లో ఓ, ఐ పక్కపక్కన ఉంటే ఫ్రెంచివాళ్లు "వా" అని పలుకుతారు, అంటే అక్కడ అది న్వార్. మాట మొదట్లోనే న్వ అంటే మనకి నోరు తిరగదు, మధ్యలో ఓ ఉకారం దూరి నువార్ అవుతుంది. బూర్జువా చూడండి, అదీ ఫ్రెంచిదే, అందులోనూ అవే రెండక్షరాలు, మనవాళ్లు ఎన్నేళ్లుగానో బూర్జువా అనే రాస్తున్నారు గానీ బూర్జోయిస్ అని ఎవరూ రాయలేదు కదా. మరి రిజర్వాయర్ అంటున్నాంగా అంటే, అదీ ఫ్రెంచిదే కానీ ఇంగ్లీషువాళ్ల నోట్లో నలిగి మన దగ్గరికొచ్చింది.

ఇక అర్థం. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు ఆక్రమించినప్పుడు పారిస్‌లో హాలీవుడ్ సినిమాలు ఆడనివ్వలేదు, 1946లో అవన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి, ఆ ఆగస్టులో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు వాటిల్లో కొన్ని క్రైమ్ కథల్ని ఈ పేరుతో పిలిచాడు. తీసినవాళ్లు మాత్రం అప్పట్లో వాటిని మెలోడ్రామాలనే అనేవాళ్లు.

ఆ నలుపు రీలుది కాదండి, ఇది నేను గట్టిగా చెప్తాను. 1944లో వచ్చిన డబుల్ ఇండెమ్నిటీ సినిమాలో ఇన్సూరెన్స్ ఏజెంటు హీరోయిన్ ఇంట్లోకి మొదటిసారి వచ్చేది పట్టపగలు. బయట ఎండ, లోపల కిటికీకి పలకల తెర, దాని సందుల్లోంచి వెలుగు చారలు చారలుగా పడుతుంది, జైలు ఊచల నీడలా. అప్పటికి అతను ఏ నేరమూ చెయ్యనేలేదు, నీడ మాత్రం ముందే చెప్పేసింది! దాని డైరెక్టర్ బిల్లీ వైల్డర్ 1933లో హిట్లర్ రాగానే బెర్లిన్ వదిలేసి వచ్చినవాడు, ఇలా నీడలతో కథ చెప్పడం జర్మన్ సినిమాల్లో 1920ల నుంచీ ఉంది. 1974 నాటి చైనాటౌన్ అయితే పూర్తిగా కలర్, లాస్ ఏంజెలెస్ ఎండలో జరిగే కథ, దాన్నీ నువార్ అనే అంటారు. కాబట్టి బ్లాక్ అండ్ వైట్ అన్న తర్జుమా కుదరదు. బ్లాక్ సినిమా అందామా, మనవాళ్లకి బ్లాక్ టిక్కెట్లే గుర్తొస్తాయి.

నాకైతే చీకటి అన్న మాటే నచ్చుతుంది. చీకటి వ్యాపారం అంటే దీపం లేని వ్యాపారమని కాదు కదా, వెలుగులేమీ తప్పుడు పనీ రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

ఇంకోటి, "ఫిల్మ్ నువార్ మూవీ" అంటే నడిమధ్య అన్నట్టే, ఒకటే మాట రెండుసార్లు వచ్చింది. ఈ కాలపు కథలకి నియో, అంటే కొత్త, అని చేర్చడం వాడుకే, అంచేత పోస్టర్ మీద "నియో నువార్" అని పెద్దగా, కింద "ఓ చీకటి కథ" అని వేయించండి.