వాద్య బృందం కోసం ఉద్యోగం మానవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. అనంతపురంలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఏడేళ్లుగా సంగీతం టీచరుగా పని చేస్తున్నాను. జీతం రూ.26,000, పీఎఫ్, వృత్తి పన్ను పోను చేతికి రూ.24,000 వస్తుంది. ఇంటి దగ్గర ఎనిమిది మందికి వయొలిన్ నేర్పుతాను, నెలకు రూ.9,600 వస్తాయి. మావారి జీతం రూ.28,000. ఇంటి రుణం వాయిదాతో కలిపి మా నెల ఖర్చు రూ.46,000. రెండు వయొలిన్లు, వీణ, వేణువు, మృదంగంతో మా అయిదుగురి బృందం కర్ణాటక రాగాల మీద కొత్తగా కూర్చుకున్న రచనలను వాయిస్తుంది. నిరుడు 14 కచేరీలు చేశాం. నా వాటా రూ.2,94,000 కాగా, ప్రయాణాలకు, తంతులకు రూ.68,000 నేనే పెట్టుకున్నాను. ఈ రాబడిలో మూడింట రెండు వంతులు దసరా నుంచి పుష్యమాసం లోపలే వచ్చింది. బడి వల్ల అయిదు పిలుపులు వదులుకున్నాం. సంభావన అంతా మృదంగ విద్వాంసుడి ఖాతాలో పడుతుంది, ఆయన పంచుతారు. యూరప్‌లో ఇలాంటి బృందాల వారికి నెలజీతాలు ఉంటాయని విన్నాను. ఉద్యోగం మాని పూర్తిగా బృందంతోనే ఉండవచ్చా? రూ.2.5 లక్షల కొత్త వయొలిన్‌కు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? పొదుపు ఖాతాలో రూ.1.9 లక్షలు ఉన్నాయి.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: లెక్కలు ఇంత వివరంగా రాసి పంపినందుకు ముందుగా ధన్యవాదాలు. మీ ప్రశ్నకు సమాధానం చాలావరకు ఆ లెక్కల్లోనే ఉంది. ఖర్చులు పోను నిరుడు బృందం నుంచి మీకు మిగిలింది రూ.2,26,000, అంటే కచేరీకి సుమారు రూ.16,100. బడి నుంచి ఏడాదికి చేతికి వచ్చేది రూ.2,88,000. ఈ జీతం స్థానంలో కచేరీల ఆదాయం నిలవాలంటే ఇప్పుడున్న పద్నాలుగు కాక మరో పద్దెనిమిది కచేరీలు కావాలి. బడి వల్ల మీరు వదులుకున్నవి అయిదు మాత్రమే. ఉద్యోగం మానేస్తే ఆ అయిదూ దక్కి రూ.81,000 దాకా రావచ్చు గాని, మిగిలిన రెండు లక్షల పైచిలుకు ఎక్కడి నుంచి వస్తుందన్నది తేలలేదు. ఇప్పటికి మీ బృందానికి కొరతగా ఉన్నది పిలుపులు గాని మీ తీరిక కాదని నాకు అనిపిస్తోంది. కొత్త రచనను వేదిక ఎక్కించడానికి రోజుల తరబడి కలిసి సాధన చేయాలని, ఆ సాధనకు ఎవరూ డబ్బు ఇవ్వరని నాకు తెలుసు. ఆ సమయం దొరకడానికి మొత్తం ఉద్యోగాన్నే వదులుకోనక్కరలేదు.

నెలల వారీగా చూస్తే చిక్కు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మీ జీతం లేకపోతే మీవారి జీతం, పాఠాలు కలిపి రూ.37,600 అవుతాయి, ఖర్చుకు రూ.8,400 తక్కువ. కచేరీలు పలచబడే ఎనిమిది నెలల్లో బృందం నుంచి మీకు వచ్చేది సగటున రూ.9,400. సగటు చూస్తే గట్టెక్కినట్టే ఉంటుంది, కానీ అసలు కచేరీయే లేని నెలలో కూడా ఇంటి రుణం వాయిదా కట్టక తప్పదు. అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసే కుటుంబాలకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. పంట డబ్బు ఒక్కసారే చేతికి వస్తుంది, దాన్ని ఏడాది పొడవునా సాగదీసుకోవాలి. జీతం పోయిన లోటును పాఠాలతో పూడ్చుకుందామని కూడా అనిపించవచ్చు. ఇప్పటి రుసుము ప్రకారం దానికి మరో ఇరవై మంది విద్యార్థులు కావాలి, అప్పుడు బడిలో గడిచే సమయమంతా ఇంట్లో గడుస్తుంది తప్ప సాధనకు ఏమీ మిగలదు.

అందువల్ల నా సలహా ఏమిటంటే, వచ్చే విద్యా సంవత్సరానికి వారంలో మూడు రోజుల పనికి ఒప్పుకుంటారేమో పాఠశాల యాజమాన్యాన్ని అడగండి. జీతం సగానికి తగ్గినా మీకు నష్టం లేదు, పీఎఫ్ మాత్రం కొనసాగేలా చూసుకోండి. ఉద్యోగుల పింఛను పథకంలో నెలవారీ పింఛనుకు అర్హత రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి, మీకు ఏడేళ్లు నిండాయి. ఒకవేళ మధ్యలోనే మానాల్సి వస్తే పింఛను భాగాన్ని డబ్బుగా వెనక్కి తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోండి. రేపు మరో బడిలోనో, సంగీత కళాశాలలోనో చేరితే ఈ ఏడేళ్లూ ఆ సర్వీసుకు కలుస్తాయి. నెలసరి పీఎఫ్ చిన్న మొత్తమని చాలామంది కళాకారులు దీన్ని లెక్కలోకి తీసుకోరు. అరవై ఏళ్ల వయసులో వేళ్లు మునుపటిలా పలకనప్పుడు ఆదుకునేది అదేనని నా అభిప్రాయం.

యూరప్ బృందాల ప్రస్తావన మీరే తెచ్చారు కాబట్టి దాని గురించి కొంత చెప్పాలి. ఫ్రెంచ్ స్వరకర్త పియర్ బూలే 1976లో పారిస్‌లో నెలకొల్పిన ఆన్సాంబ్ల్ ఇంటర్‌కాంటెంపొరైన్ అనే ఆధునిక సంగీత బృందంలో 31 మంది వాద్యకారులు ఉద్యోగులుగా ఉంటారన్నది నిజమే. అయితే దాని వెనుక ఫ్రాన్స్ సాంస్కృతిక శాఖ నిధులు ఉన్నాయి, టికెట్ల డబ్బుతో అది నడవదు. 1980లో మొదలై తరువాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థిరపడిన ఎన్‌సాంబుల్ మోడర్న్‌ది వేరే పద్ధతి. అక్కడ ఏ రచన వాయించాలి, డబ్బు ఎలా ఖర్చు పెట్టాలి అన్నవి వాద్యకారులే కూర్చుని తేల్చుకుంటారు. 1973లో పుట్టిన అమెరికా బృందం క్రోనస్ క్వార్టెట్ లాభాపేక్ష లేని సంస్థగా ఉండి, విరాళాలు, గ్రాంట్లు సేకరించి కొత్త రచనలు రాయించుకుంటుంది. ఈ మూడింటిలోనూ డబ్బు మొదట సంస్థకు చేరుతుంది, అక్కడి నుంచి మనుషులకు వెళుతుంది. మీ బృందంలో ఇప్పుడు ఆ మధ్య మెట్టు లేదు. ప్రభుత్వ నిధులు మనకు రాకపోవచ్చు గాని ఆ మెట్టు కట్టుకోవడం మీ చేతిలోనే ఉంది. నా దృష్టిలో మీ ఉద్యోగం కన్నా ముందు తేలవలసిన విషయం ఇదే.

సంభావన అంతా ఒకరి ఖాతాలో పడడం నమ్మకానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. కచేరీకి అయిదుగురి వాటా రూ.1,05,000 చొప్పున ఏడాదికి రూ.14.7 లక్షలు ఆయన పాన్ మీద ఆదాయంగా నమోదవుతున్నాయి. వృత్తిపరమైన రుసుము ఒక నిర్వాహకుడి నుంచి ఏడాదికి రూ.50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించే ఆదాయపు పన్ను) కోస్తారు, అదీ ఆయన పేరు మీదే జమ అవుతుంది. కొత్త పన్ను విధానంలో రూ.12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదు కాబట్టి మీ అందరికీ విడివిడిగా పన్ను పడకపోవచ్చు. ఆయనకు మాత్రం, మీకు పంచిన డబ్బుకు రాతపూర్వకమైన ఆధారం లేకపోతే, తాను తినని డబ్బు మీద పన్ను పడే ప్రమాదం ఉంది. మీకు కూడా రావలసిన టీడీఎస్ వాపసు రావడం లేదు.

దీనికి మీ అయిదుగురూ రిజిస్టరైన భాగస్వామ్య సంస్థగా ఏర్పడి, సంస్థ పేరుతో పాన్, బ్యాంకు ఖాతా తీసుకోవడం మంచిది. సొసైటీ పెట్టాలనుకుంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి, పైగా మిగులును సభ్యులు పంచుకోకూడదు. గ్రాంట్లకు దరఖాస్తు చేసే రోజు వచ్చినప్పుడు దాని సంగతి చూడవచ్చు. భాగస్వామ్య సంస్థ లాభం మీద 30 శాతం పన్ను ఉంటుంది కనుక, భాగస్వాములకు ఇచ్చే పారితోషికాన్ని ఒప్పంద పత్రంలో స్పష్టంగా రాయించాలి. పరిమితికి లోబడి దాన్ని ఖర్చుగా చూపవచ్చు. ఈ పత్రాన్ని ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా చూసి రాసుకోకండి, చార్టర్డ్ అకౌంటెంటు చేత రాయించండి. సగం రాబడినే ఆదాయంగా చూపే సులభ పద్ధతి మీకు వర్తిస్తుందా అని కూడా ఆయన్నే అడగండి. ఆ పద్ధతికి అర్హమైన వృత్తుల జాబితాలో సినిమా కళాకారులు ఉన్నారు గాని కచేరీ కళాకారుల ప్రస్తావన లేదు.

జీఎస్టీ గురించి కూడా కొంత జాగ్రత్త అవసరం. శాస్త్రీయ, జానపద కళల ప్రదర్శనకు రూ.1.5 లక్షలు మించని పారితోషికం మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. మీరు వాయించేవి కొత్త రచనలు కాబట్టి వాటిని శాస్త్రీయ సంగీతంగా పరిగణిస్తారా లేదా అన్న ప్రశ్న ఎప్పుడైనా రావచ్చు. ఏడాది మొత్తం రాబడి రూ.20 లక్షల లోపు ఉన్నంత కాలం రిజిస్ట్రేషన్ అక్కరలేదు. కచేరీలు ఇరవైకి చేరేసరికి మీరు ఆ గీత దాటుతారు, కాబట్టి ఒప్పందాల్లోను, కరపత్రాల్లోను మీ సంగీతాన్ని ఎలా వర్ణిస్తున్నారో ఇప్పటి నుంచే చూసుకోండి.

ఉమ్మడి ఖాతా నడిపే తీరు ఇలా ఉండవచ్చు. ప్రతి సంభావనలో అయిదో వంతు ప్రయాణాలకు, సాధన చేసే హాలు అద్దెకు, కొత్త రచనలు రాయించడానికి ఖాతాలోనే ఉంచండి. నిరుటి లెక్కన మిగిలే రూ.11.76 లక్షల నుంచి ఒక్కొక్కరికి నెలకు రూ.14,000 చొప్పున, కచేరీ ఉన్నా లేకపోయినా, ఒకే తేదీన చెల్లించండి. ఏడాది చివర లెక్క చూసుకుంటే తలా రూ.67,000 దాకా మిగులుతుంది, దాన్ని అప్పుడు పంచుకోండి. ఈ ఏర్పాటును ఏప్రిల్‌లో కాక దసరాకు మొదలుపెట్టండి. రాబడి నెలలు ముందు వస్తాయి కాబట్టి ఎండాకాలం చెల్లింపులకు ఖాతాలో డబ్బు ఉంటుంది. ఒకరు బృందాన్ని వదిలితే వాటా ఎలా తేల్చాలి, రికార్డింగుల మీద, రచనల మీద హక్కు ఎవరిది అన్నవి కూడా ఒప్పంద పత్రంలోనే ఉండాలి. రచనపై హక్కు స్వరకర్త జీవితకాలంతో పాటు తరువాత 60 ఏళ్లు ఉంటుంది. మీలో ఎవరు కూర్చినా వారు స్వరకర్తల తరఫున రాయల్టీలు వసూలు చేసే ఐపీఆర్ఎస్ అనే సంస్థలో సభ్యత్వం తీసుకోవాలి.

వయొలిన్‌కు పర్సనల్ లోన్ వద్దు. ఇప్పుడున్న వాద్యంతో కచేరీలు ఆగడం లేదు, కొత్తది వచ్చినంత మాత్రాన సంభావన పెరగదు. ఈ సీజన్ రాబడిలో కొంత రికరింగ్ డిపాజిట్‌లో వేసుకుంటే రెండేళ్లలో అప్పు లేకుండా కొనవచ్చు. దాని కన్నా ముందు మీ దగ్గరున్న రూ.1.9 లక్షలను ఆరు నెలల ఖర్చుకు సరిపడే రూ.2,76,000కు పెంచి, దానికి విడిగా ఒక ఖాతా పెట్టండి.

బీమా విషయంలో ఇద్దరి జీతాల మీద ఆధారపడిన ఇల్లు కాబట్టి దంపతులిద్దరికీ టర్మ్ పాలసీ, కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా అవసరం. ఏడాదికి రూ.20తో దొరికే ప్రధానమంత్రి సురక్షా బీమా అందరూ తీసుకోవలసిందే గాని, అది ప్రమాదంలో చనిపోయినప్పుడు, లేదా కంటినో చేతినో కాలినో పూర్తిగా కోల్పోయినప్పుడు ఇచ్చేది. ఎడమచేతి వేలు విరిగి మూడు నెలలు వాయించలేకపోతే దాని నుంచి ఏమీ రాదు. తాత్కాలిక వైకల్యానికి వారం వారం డబ్బు ఇచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా విడిగా తీసుకోండి. అందులోనూ ప్రమాదం జరిగితేనే చెల్లింపు ఉంటుంది. ఎక్కువ సాధన వల్ల వచ్చే మణికట్టు నొప్పికి అత్యవసర నిధి ఒక్కటే దిక్కు.

కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్‌కు 25 నుంచి 40 ఏళ్ల వారు అర్హులు. నెలకు రూ.10,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు. కర్ణాటక రాగాలతో వాద్య బృందానికి కొత్త రచనలు కూర్చడం దానికి తగిన ప్రతిపాదనే, కాబట్టి ఈసారి ప్రకటన రాగానే దరఖాస్తు చేయండి.

ఒక పూర్తి ఏడాది ఉమ్మడి ఖాతా నుంచి నెలనెలా రూ.14,000 తప్పకుండా వచ్చి, అత్యవసర నిధి నిండి, ఆపై ఏడాదికి కనీసం పాతిక కచేరీలు ముందుగానే ఖాయమైతే అప్పుడు బడిని పూర్తిగా వదలడం గురించి మళ్లీ రాయండి. ఈలోగా నిరుటి 14 కచేరీలకు ఎవరికి ఎంత చేరిందో మృదంగ విద్వాంసుడి బ్యాంకు స్టేట్‌మెంటు చూసి ఒక కాగితం మీద రాయించి, అయిదుగురూ సంతకాలు చేయండి. ఆయన రిటర్ను దాఖలు చేసే ముందు ఆ కాగితం అకౌంటెంటుకు చేరాలి.