టెక్ సందేహాలు: ఒకే ఆటపై ఇన్ని రకాల మాటలు ఎందుకు?

పండుగ డిస్కౌంట్లు మొదలైన దగ్గర నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో చాలావరకు ఒక ఆట చుట్టూనే తిరుగుతున్నాయి. అది సైబర్‌పంక్ 2077. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ దీన్ని తయారుచేసింది. నైట్ సిటీ అనే ఊహానగరంలో మీరు ‘వీ’ అనే పాత్రగా ఒంటరిగా తిరుగుతారు. శత్రువులను కాల్చి, వారు వదిలిన ఆయుధాలూ సామగ్రీ ఏరుకుని బలపడతారు. ఈ తరహా ఆటలను లూటర్ షూటర్లు అంటారు. ఇంగ్లిష్‌లోకి ‘లూట్’ అన్న మాట హిందీ నుంచే వెళ్లింది, మన ‘లూటీ’కి అది చుట్టమే. ఈ వారం స్థలమంతా ఈ ఆటకే ఇస్తున్నాను.

*ఈ ఆట కొనాలని మూడు నెలలుగా డబ్బు దాచుకున్నాను. ఆడినవారిలో ఒకరు ‘ఇంత మోసం ఎక్కడా చూడలేదు’ అంటారు, ఇంకొకరు ‘ఇంత గొప్ప ఆట ఆడలేదు’ అంటారు. ఎవరిని నమ్మాలి? నా ల్యాప్‌టాప్‌లో జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్ ఉన్నాయి.*
– ఇంజినీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి

ఇద్దరినీ నమ్మండి. ఇద్దరూ చెప్పేది నిజమే. పేరు ఒకటే అయినా వారు ఆడిన ఆటలు వేరు.

2012లో ప్రకటించిన ఈ ఆట ఎనిమిదేళ్ల ఎదురుచూపు తర్వాత 2020 డిసెంబర్ 10న విడుదలైంది. మంచి కంప్యూటర్లలో ఫరవాలేదనిపించినా టీవీకి కలిపి ఆడే పీఎస్4 (ప్లేస్టేషన్ 4), ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాలలో నడవలేక నడిచింది. బొమ్మ ఆగి ఆగి కదిలేది, ఆట ఉన్నట్టుండి మూసుకుపోయేది. వారం తిరిగేసరికి సోనీ తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచి దాన్ని తొలగించి, కొన్నవారికి డబ్బు వెనక్కి ఇస్తామంది. మళ్లీ ఆ స్టోర్‌లో అది కనిపించింది 2021 జూన్‌లోనే.

కంప్యూటర్‌లో ఆడినవారికీ ఒక దెబ్బ తగిలింది. అది ఏరుకోవడం ఇష్టపడేవారికే తగలడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆటను ఎక్కడ ఆపామో గుర్తుంచుకునే సేవ్ ఫైల్ 8 ఎంబీ దాటితే పాడైపోయేది. దొరికిన ప్రతి వస్తువునూ సంచిలో వేసుకుని, వాటితో కొత్తవి తయారుచేసుకుంటూ పోతే ఆ ఫైల్ ఉబ్బుతుంది. వస్తువులు తక్కువగా ఉంచుకోండని తయారీదారులే సూచించాల్సి వచ్చింది. ఏరుకోవడంలోనే ఆనందం ఉన్న ఆటలో ఏరుకోవద్దన్న మాట అది! ఆ డిసెంబర్‌లోనే లోపాన్ని సరిచేశారు. అయినా గంటల తరబడి పడిన కష్టం పోగొట్టుకున్నవారి కోపాన్ని నేను తప్పు పట్టలేను.

తర్వాత ఒక్కొక్క అప్‌డేటూ ఆటను నిలబెడుతూ వచ్చింది. పెద్ద మలుపు 2023 సెప్టెంబర్ 21న వచ్చిన 2.0. నైపుణ్యాల ఎంపిక, పోలీసుల తీరు, కారులోంచి కాల్పులు, ఒంటికి రక్షణ ఎక్కడి నుంచి రావాలి అన్నది, అన్నీ మార్చేశారు. అయిదు రోజుల తర్వాత ఇద్రిస్ ఎల్బా నటించిన ఫాంటమ్ లిబర్టీ అనే కొత్త కథాభాగం వచ్చింది. ‘గొప్ప ఆట’ అన్నవారు దాదాపుగా ఈ తేదీ తర్వాత ఆడినవారే అయి ఉంటారు.

అందుకే ఎవరి అభిప్రాయమైనా చదివే ముందు రెండు విషయాలు వెతకండి. వారు ఎప్పుడు ఆడారు? ఏ యంత్రం మీద ఆడారు? ఈ రెండూ లేని పొగడ్త గానీ తిట్టు గానీ మీకు పనికిరాదు. మూడోది కూడా అడగవచ్చు: దేని కోసం ఆడారు? దాని సంగతి మరో ఉత్తరంలో వస్తుంది.

ఇక మీ ల్యాప్‌టాప్. ఇప్పుడు కనీసంగా అడుగుతున్నది 6 జీబీ జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్, 12 జీబీ ర్యామ్, 70 జీబీ ఖాళీ ఉన్న ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా చదివే నిల్వ). 2.0 నుంచి ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అన్నారు. కారులో వేగంగా వెళుతున్నప్పుడు ముందున్న వీధులను డిస్క్ నుంచి క్షణాల్లో చదవాలి. మామూలు హార్డ్ డిస్క్ ఆ వేగాన్ని అందుకోలేక, భవనాలు మీరు దాటిపోయాక కనిపిస్తాయి. మీ గ్రాఫిక్స్ చిప్ కనీస స్థాయికి కాస్త కిందే ఉంది, దాన్ని మార్చలేరు. ర్యామ్, డిస్క్ మార్చవచ్చు. ఆట కొనాలనుకున్న డబ్బు ముందు వాటికి పెట్టండి, చదువుకూ పనికొస్తాయి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో నాలుగు దుకాణాలు తిరిగి ధర అడగండి. మీ మోడల్‌లో ఖాళీ ర్యామ్ స్లాట్ ఉందో లేదో మీ కళ్ల ముందే విప్పి చూపించమనండి.

ఆ తర్వాత కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొనండి. 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందు అడిగితే డబ్బు తిరిగి ఇస్తారు. కొనగానే కథలోకి వెళ్లకండి. సెట్టింగ్స్‌లో బెంచ్‌మార్క్ ఉంది, అది ఆటలోని ఒక దృశ్యాన్ని దానంతట అదే నడిపి సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చెబుతుంది. వెలుగునీడలను నిజంలా చూపి యంత్రానికి భారం పెంచే రే ట్రేసింగ్‌ను ఆపి, చిన్న బొమ్మను పెద్దది చేసి ఆ భారం తగ్గించే ఎఫ్‌ఎస్‌ఆర్ పెట్టి, వీధుల్లో జనసమ్మర్దం తగ్గించి నడపండి. సగటు 30 కూడా రాకపోతే వెనక్కి ఇచ్చేయండి. మూడు నెలల పొదుపు అది, ఎవరి పొగడ్త కోసమో వదులుకోవద్దు.

*పాత పీఎస్4కు డిస్క్ కొన్నాను. ఫాంటమ్ లిబర్టీ ఎంత వెతికినా కనిపించడం లేదు.*
– పాఠకుడు, మల్కాజిగిరి

కనిపించదు. 2.0 గానీ ఫాంటమ్ లిబర్టీ గానీ పీఎస్4కు ఇవ్వలేదు. అక్కడ ఆట 1.6 తరం దగ్గరే ఆగిపోయింది. డిస్క్ లోపల ఉన్నది 2020 నాటి రూపం కావచ్చు కాబట్టి నెట్ కలిపి అప్‌డేట్లన్నీ దించుకున్నాకే మొదలుపెట్టండి. ఎప్పుడైనా డిస్క్ పెట్టే వీలున్న పీఎస్5 కొంటే ఇదే డిస్క్‌తో పీఎస్5 రూపాన్ని అదనపు ఖర్చు లేకుండా తీసుకోవచ్చు. డిస్క్‌ను జాగ్రత్తగా దాచుకోండి.

*ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి ఒక గంట ఆడతాను. అందులో సగం సంచి సర్దడానికే సరిపోతోంది. పది నిమిషాలకోసారి బరువు మించిపోయి పాత్ర నడవలేకపోతోంది. నేను బోర్డర్‌ల్యాండ్స్ బాగా ఆడినవాణ్ని, ఇందులో ఆ మజా రావడం లేదు. లోపం నాదా, ఆటదా?*
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్

మీ ఉత్తరం చాలామంది మనసులోని మాట. ఆడినవారి మధ్య అసలు వాదం ఇక్కడే ఉంది.

2009లో మొదలైన లూటర్ షూటర్ బోర్డర్‌ల్యాండ్స్‌లో రకరకాల తుపాకీ భాగాలను కలిపి కొత్త తుపాకులను కంప్యూటరే అప్పటికప్పుడు పుట్టిస్తుంది. తర్వాతి పెట్టెలో ఏముందో అన్న ఆరాటమే మిమ్మల్ని నడిపిస్తుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్కటే తిరగేస్తుంటే కలిగే ఆరాటం అది. సైబర్‌పంక్ పైకి అలాగే కనిపిస్తుంది: ఆయుధం ఎంత అరుదైందో చెప్పే రంగురంగుల స్థాయిలు, బలాన్ని చెప్పే అంకెలు, అడుగడుగునా పడి ఉన్న తుపాకులు. కానీ ఆ కుప్పలో ఎక్కువ భాగం మీ కోసం కాదు. తొలినాళ్లలో బట్టలకు కూడా రక్షణ అంకెలు ఉండేవి. అంకె పెద్దదని ఏ మాత్రం పొసగని టోపీ, చొక్కా తగిలించుకుని గంభీరమైన సన్నివేశాల్లో నిలబడాల్సి వచ్చేది. 2.0లో ఆ రక్షణను చాలావరకు శరీరంలో అమర్చుకునే సైబర్‌వేర్‌కు మార్చారు. నా ఉద్దేశంలో ఈ ఆటకు జరిగిన అతి పెద్ద మేలు అదే.

ఇందులో అసలు సొత్తు ‘ఐకానిక్’ ఆయుధాలు, అంటే సొంత పేరు, ప్రత్యేకత ఉన్నవి. ఒక సందులో పడి ఉన్న పిస్తోలును చేతిలోకి తీసుకోగానే అది మాట్లాడుతుంది. దాని పేరు స్కిప్పీ. ఎలా కాల్చాలో మిమ్మల్నే అడుగుతుంది, కాలుస్తుంటే వ్యాఖ్యానిస్తుంది. మరో తుపాకీ ఒక స్నేహితుడి సంస్మరణలో మీ చేతికి వస్తుంది. ఎవరిదో చెప్పి మీ కథ పాడుచేయను. మొదటిసారి ఆడినప్పుడు నేను దానితో చాలాసేపు ఒక్క గుండు కూడా కాల్చలేకపోయాను. తర్వాత అంతకంటే పెద్ద అంకె ఉన్నవి ఎన్నో దొరికాయి, దాన్ని మాత్రం అమ్మలేదు. పోయినవారి చేతి గడియారాన్ని బీరువాలో దాచుకునే ఇళ్లలో పెరిగినవాళ్లం, మనకు ఈ భావం కొత్త కాదు. అంకెల కోసం ఆడేవారికి ఈ ఆట సగమే ఇస్తుందని, కథ కోసం ఆడేవారికి నిండుగా ఇస్తుందని నేను గట్టిగా అనుకుంటున్నాను. కాబట్టి లోపం మీది కాదు. బోర్డర్‌ల్యాండ్స్ అలవాటుతో దీన్ని ఆడుతున్నారు.

రేపు రాత్రి ఇలా ఆడి చూడండి. నచ్చిన మూడు ఆయుధాలు పెట్టుకోండి. గురివైపు తానే వంగి వెళ్లే గుండ్లున్న స్మార్ట్ రకం ఒకటి, శక్తి నింపి కాలిస్తే గోడ చాటున ఉన్నవారినీ తాకే టెక్ రకం ఒకటి ఉంటే కాల్పులు విసుగనిపించవు. మామూలు రంగు తుపాకులను నేల మీదే వదిలేయండి. తీసుకున్నవాటిలో అక్కర్లేనివి విడగొడితే వచ్చే భాగాలతో ఐకానిక్ ఆయుధాల స్థాయి పెంచుకోవచ్చు. అమ్మలేనివి ఇంటికి మోసుకెళ్లనక్కర్లేదు, ఇంట్లోని నిల్వపెట్టె మీ కారు డిక్కీలోనూ తెరుచుకుంటుంది. వారానికి రెండు రోజులు ఇలా ఆడాక ఏమనిపించిందో నాకు తప్పక రాయండి.

*తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఈ ఆట కావాలంటున్నాడు. ఒక్కడే ఆడే ఆట, అపరిచితులతో మాటలు ఉండవు కాబట్టి ఫరవాలేదంటున్నాడు. కొనివ్వవచ్చా?*
– గృహిణి, దిల్‌సుఖ్‌నగర్

వద్దమ్మా. అపరిచితులు ఉండరన్నది నిజమే. కానీ ఐరోపా రేటింగ్ ప్రకారం ఇది 18 ఏళ్లు నిండినవారి ఆట. నగ్నత్వాన్ని దాచే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఉంది, అయితే హింస, మాదకద్రవ్యాలు, ఆత్మహత్య ప్రస్తావనలు ఎక్కడికీ పోవు. అబ్బాయికి కారణం దాచకుండా చెప్పండి. ఆట చెడ్డదని అనవద్దు, నీ వయసుకు రాసింది కాదని చెప్పండి. కార్లు, నగరం అంటే ఇష్టమైతే ఫోర్జా హొరైజన్ లాంటి కార్ల ఆటలు చూపించండి.

*హాస్టల్ వైఫైతో 70 జీబీ దించడం నా వల్ల అవుతుందా? దించాక కూడా ఎప్పుడూ నెట్ ఉండాలా?*
– కోచింగ్ విద్యార్థి, అమీర్‌పేట

రెండో ప్రశ్నకు ముందు జవాబిస్తాను, అది మీకు సంతోషం కలిగిస్తుంది. నెట్ అక్కర్లేదు. కథ మొత్తం మీ యంత్రంలోనే నడుస్తుంది. ఎప్పుడూ నెట్ కావాల్సిన లూటర్ షూటర్లకు ఏమవుతుందో 2019లో వచ్చిన ఆంథెమ్ అనే ఆటను చూస్తే తెలుస్తుంది. 2026 జనవరి 12న ఆటను నడిపే తమ కంప్యూటర్లను, అంటే సర్వర్లను ఆపేస్తామని దాని సంస్థ 2025లో ప్రకటించింది. సర్వర్ లేకపోతే డబ్బు పెట్టి కొన్న ఆట తెరుచుకోదు. సైబర్‌పంక్‌కు ఆ భయం లేదు. గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొంటే ఇన్‌స్టాలర్ ఫైళ్లను బయటి డిస్క్‌లో శాశ్వతంగా దాచుకోవచ్చు కూడా.

ఇక దించడం. స్టీమ్‌లో డౌన్‌లోడ్‌ను మధ్యలో ఆపి, మరునాడు అక్కడి నుంచే కొనసాగించవచ్చు. రాత్రి వేళల్లో మాత్రమే కొనసాగిస్తే తోటివారి ఆన్‌లైన్ క్లాసులకు అడ్డు రాదు. మీ హాస్టల్‌లోనే ఎవరి కంప్యూటర్‌లోనైనా ఈ ఆట ఉంటే ఇంకా తేలిక. స్థానిక నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు పంపుకునే సౌకర్యం స్టీమ్‌లో ఉంది. ఇద్దరూ స్టీమ్‌లో మిత్రులై, ఒకే వైఫైలో ఉండి, ఆయన తన డౌన్‌లోడ్ సెట్టింగ్స్‌లో మిత్రులకు అనుమతి ఇవ్వాలి. ఆటను మీరూ కొని ఉండాలి. అప్పుడు ఫైళ్లు బయటి నెట్ నుంచి కాకుండా పక్క గదిలోంచే మీకు చేరతాయి. వైఫైకి బదులు రెండు ల్యాప్‌టాప్‌లనూ ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపితే మరింత త్వరగా పూర్తవుతుంది.