పఫర్ చేప, దాని నకలు

ప్రశ్న: అక్వేరియం దుకాణంలో వీపుపై నల్లని పట్టీలున్న రెండు చేపలు అచ్చం ఒకేలా ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రమే పఫర్ చేప అన్నారు. ఎలా గుర్తించాలి?

జవాబు: అసలు పఫర్ కాంతిగాస్టర్ వాలెంటిని అనే జాతి. ఎర్రసముద్రం నుంచి పసిఫిక్ దీవుల వరకు పగడపు దిబ్బలలో నివసించే ఈ చేప 11 సెంటీమీటర్లకు మించి పెరగదు. బెదిరిస్తే నీళ్లు మింగి ఉబ్బుతుంది. అయితే దాని అసలు రక్షణ చర్మంలోని విషమే. ఆ విషం వల్ల వేటచేపలు దానిని వదిలివేస్తాయి కాబట్టి, విషంలేని పారాలుటెరెస్ ప్రయోనురస్ అనే ఫైల్‌ఫిష్ అదే రంగుల వేషం వేసుకుని బతికిపోతుంది. వెనుకవైపు రెక్కలను గమనించండి: పఫర్‌కు వీపుపైనా కడుపు కిందా అవి పొట్టిగా ఉంటాయి, నకలుకు పొడవుగా సాగుతాయి. ఈ పఫర్‌లలో ఒక మగచేప ఏలుబడిలో పలు ఆడచేపలుంటాయి; ఆడచేప నాచు కుచ్చులో గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, కాపలా కాయదు. ఆ గుడ్లు కూడా ఇతర చేపలకు రుచించవు.