వంద కోళ్ళు సరే, మీ చేతిలో ఉన్నది 22 రోజులే

ప్రశ్న: సార్, ఘట్‌కేసర్ దగ్గర మాకు సొంత ఇల్లు, పక్కనే 120 గజాల ఖాళీ జాగా ఉన్నాయి. మావారు ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్, జీతం 38,000. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, నాకు 24,000. ఇద్దరు పిల్లలు, పెద్దబ్బాయికి పదేళ్ళు. ఇంటి లోను ఈఎంఐ 19,500, ఇంటి ఖర్చు 22,000, పిల్లల ఫీజులు, వ్యాను కలిపి నెలకు 9,000, చీటీ 5,000. బ్యాంకులో 41,000 ఉన్నాయి. నాటుకోళ్ళు పెంచాలని ఎప్పటినుంచో కోరిక. కానీ పొద్దున ఏడున్నరకల్లా ఇంటికి తాళం పడుతుంది. అందుకే నీళ్ళు, దాణా వాటంతట అవే అందే షెడ్డు, ఒక ఇంక్యుబేటర్ పెట్టుకుంటే టైమ్ సమస్య ఉండదనుకుంటున్నాం. వంద పిల్లలతో మొదలుపెడితే మొత్తం 1,80,000 అవుతుంది. లక్ష రూపాయల చీటీలో తొమ్మిది నెలలు కట్టాం, ఇంకా పదకొండు ఉన్నాయి. ఇప్పుడు పాడుకుంటే 78,000 వస్తుంది. మిగతాదానికి ఒక లోన్ యాప్‌లో లక్ష చూశాం. 26 శాతం వడ్డీ, రెండేళ్ళు, ప్రాసెసింగ్ ఫీజు 3,500. ఐదు నిమిషాల్లో అప్రూవ్ అయింది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా.

కోళ్ళు వద్దని కాదు, ఆ లక్ష వద్దు. నాకు వచ్చే ఉత్తరాల్లో కోళ్ళ బదులు ఒకసారి పుట్టగొడుగులు ఉంటాయి, ఒకసారి కుట్టుమిషన్లు ఉంటాయి, ఈమధ్య ఇంటినుంచి టిఫిన్ల సరఫరా ఎక్కువైంది. లోపలి కథ మాత్రం ఒక్కటే. ఉద్యోగాలతో తీరిక లేదు, పనిని తగ్గించే సామాను కొందాం, చేతిలో డబ్బు లేదు కాబట్టి అప్పు తెద్దాం. అంటే తీరికను వడ్డీకి తెచ్చుకుంటున్నారన్నమాట. ఇంతమంది చేస్తున్న పొరపాటు కాబట్టే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

మీరు రాసిన ఖర్చులన్నీ కూడితే నెలకు 55,500. బ్యాంకులో ఉన్నది 41,000. రేపటినుంచి రెండు జీతాలూ ఆగితే మీ ఇల్లు 22 రోజులు నడుస్తుంది. ఇరవైమూడో రోజున ఎవరో ఒకరి గుమ్మం ఎక్కాలి. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలే. వేసవి సెలవుల్లో జీతం సగమిచ్చే స్కూళ్ళున్నాయి, అసలే ఇవ్వనివీ ఉన్నాయి, మీకు తెలియనిది కాదు. ఇంత పెద్ద ఉత్తరంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. షెడ్డు రేకులు ఏ కంపెనీవి వెయ్యాలో మాత్రం రెండో పేజీలో అడిగారు. (అది నన్నడగాల్సింది కాదు.)

ఇప్పుడు అప్పు లెక్క. లక్షకు 26 శాతం చొప్పున రెండేళ్ళకు ఈఎంఐ దాదాపు 5,390 పడుతుంది. మొత్తం కట్టేది 1,29,000 పైమాటే. దానికి ఫీజు 3,500 కలపండి. చీటీ ఇప్పుడు పాడితే 22,000 వదులుకుంటున్నారు. చివరిదాకా ఆగితే, కమిషన్ ఐదు శాతం అనుకున్నా, 95,000 వస్తుంది. అక్కడ పోయేది 17,000. అన్నీ కలిపితే 50,000కు ఒక్క గీత తక్కువ. ఒక్క కోడి కూడా గడప తొక్కకముందే అంత డబ్బు ఎగిరిపోయింది. యాప్‌లో చూపించిన 26 శాతం ఒక్కటే చూశారు, చీటీలో పోయే డబ్బు ఖర్చులా అనిపించలేదు. అది మీ డబ్బే.

ఇంతకన్నా నన్ను భయపెట్టేది నెలవారీ లెక్క. ఇప్పుడు మీకు నెలకు మిగిలేది 6,500. కొత్త ఈఎంఐ పోగా మిగిలేది 1,110. ఎదిగిన కోడి రోజుకు దాదాపు 110 గ్రాముల దాణా తింటుంది. వంద కోళ్ళకు రోజుకు 11 కిలోలు, నెలకు 330. కిలో 38 రూపాయలు వేసుకున్నా 12,500 దాటుతుంది. నూకలు, తవుడు కలిపి కొంత తగ్గిస్తారనుకుందాం. 120 గజాల్లో వంద కోళ్ళు తిరిగి ఏరుకుతినడానికి మాత్రం నెల తిరిగేసరికి గడ్డిపోచ మిగలదు. వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి కోళ్ళ రకాలు గుడ్డు పెట్టడానికే ఐదున్నర, ఆరు నెలలు పడుతుంది, అసలు నాటువైతే ఇంకా ఆలస్యం. అప్పటిదాకా దాణా డబ్బులు ఎక్కడివి? క్రెడిట్ కార్డు తీస్తారు. నాకు తెలుసు, ఎందుకంటే అందరూ అదే తీస్తారు.

ఇంక్యుబేటర్ సంగతి చదివి నవ్వొచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. గుడ్డు పెట్టే పెట్ట లేనప్పుడు గుడ్లు పొదిగే మిషన్ దేనికి? ఎప్పటికైనా పిల్లలు కావాలంటే పొదుగుకొచ్చిన ఒక నాటు పెట్ట, ఒక గంప, పదో పన్నెండో గుడ్లు, 21 రోజులు. కరెంటు పోయినా అది లేచి వెళ్ళదు.

మా ఇంటి ముచ్చట ఒకటి చెప్తాను. నా చిన్నప్పుడు మా అమ్మకు పెరట్లో పదిహేడు కోళ్ళుండేవి. ఒక ఎండాకాలం కొక్కెర తెగులు తగిలింది. మొదటిరోజు రెండు మెడ వంచుకుని మూలన కూర్చున్నాయి, వారం తిరిగేసరికి మూడు మిగిలాయి. అమ్మ రెండు పూటలు అన్నం తినలేదు. మూడో రోజు మామూలుగా పొయ్యి వెలిగించింది. ఆ కోళ్ళ మీద పైసా అప్పు లేదు, కాబట్టి ఆ బాధ బాధగానే ఆగింది, ఎవరూ గుమ్మం ముందుకొచ్చి నిలబడలేదు. మీ ప్లాన్‌లో అదే జరిగితే? కోళ్ళు పోయాక కూడా ఈఎంఐ ఐదో తారీఖున ఠంచనుగా వస్తుంది.

టీకాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, వేయించాలి కూడా. మొదటివారంలో కొక్కెర తెగులుకు లసోటా, రెండోవారంలో గంబోరో జబ్బుకు టీకా, నాలుగోవారంలో మళ్ళీ లసోటా, ఎనిమిదోవారంలో కొక్కెరకే ఆర్‌టూబీ. ఏదో ఒక రోజు స్కూల్లో పరీక్షలుంటాయి, మీవారికి నైట్ షిఫ్ట్ పడుతుంది, ఒక డోసు తప్పిపోతుంది. తప్పినా తప్పకపోయినా మీ చేతిలో లేనివి ఇంకొన్ని ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ తేలినప్పుడు ఇక్కడ హైదరాబాద్‌లో కూడా జనం చికెన్ షాపుల వైపు చూడలేదు. జబ్బు అక్కడ, బేరం పోయింది ఇక్కడ. ప్రభుత్వం పరిహారం ఇచ్చేది అధికారులు చంపించిన కోళ్ళకే, అంతకుముందే చచ్చినవాటికి కాదు. ఇంటి పెరట్లో కోళ్ళకు బీమా చేయిద్దామంటే చేసేవాళ్ళు దొరకడం కష్టం. కాబట్టి మీ కోళ్ళకు బీమా అంటూ ఏదైనా ఉంటే అది మీ బ్యాంకు ఖాతాలో పక్కన పెట్టిన డబ్బే.

అత్యవసర నిధి. మళ్ళీ అదే పాట అనుకోండి, నేను పాడుతూనే ఉంటాను. మీకు ఆరు నెలల ఖర్చుకు సరిపడా 3,33,000 ఉండాలి. గుండె జారిపోకండి, మీరు అనుకున్నంత దూరం లేదు. చీటీ పాడకుండా చివరిదాకా ఆగండి. పదకొండు నెలల తర్వాత 95,000. ఇప్పుడున్న 41,000. నెలకు మిగిలే 6,500 చొప్పున 71,500. అందులో కోళ్ళకని 16,000 తీసేసినా (అదేమిటో కింద చెప్తాను) 1,91,500 అవుతుంది. మూడు నెలల ఖర్చు దాటి, మూడున్నరకు దగ్గర. చీటీ డివిడెండు (పాడినవాళ్ళు వదులుకున్న డబ్బులో మీ వాటా) వస్తే అది అదనం. ఆ తర్వాత చీటీకి కట్టే 5,000 కూడా చేతిలోనే ఉంటుంది కాబట్టి ఇంకో ఏడాదికి ఆరు నెలలూ నిండుతాయి. ఒక నెల ఖర్చు సేవింగ్స్‌లో, మిగతాది ఎఫ్‌డీలో. ఇందులో షేర్లు, ఫండ్లు ఏమీ వద్దు. ఈ డబ్బుకి షెడ్డు కనపడకూడదు, పండగ కనపడకూడదు, మీ మరిది పెళ్ళి కూడా కనపడకూడదు.

ఇక కోళ్ళు. ఎనిమిది పెట్టలతో మొదలుపెట్టండి, పుంజు వద్దు. పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదని చాలామంది అనుకుంటారు. పెడుతుంది, కాకపోతే ఆ గుడ్డు పిల్ల కాదు. పుంజు ఉంటే మాత్రం మీ వీధి మొత్తానికి ఆదివారం కూడా నాలుగింటికే తెల్లవారుతుంది.

ఒకరోజు వయసున్న కోడిపిల్లల్ని తేకండి. మీలాంటి ఇంట్లో తీరికను మింగేది ఆ మొదటి మూడు నాలుగు వారాలే. మొదటివారం బల్బు కింద 35 డిగ్రీల వేడి ఉండాలి. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దకడితే చలి, గోడలకు అతుక్కుంటే వేడి ఎక్కువ. ఇది చూసేవాళ్ళు ఇంట్లో ఉండాలి, తాళానికి తెలియదు. అందుకని టీకాలు పూర్తయిన పది పన్నెండు వారాల పెట్టల్ని కొనండి. రేటు ఎక్కువే ఉంటుంది, ఆ ఎక్కువ ఇచ్చే డబ్బుతోనే మీరు నిజంగా తీరికను కొంటున్నారు, అదీ అప్పు లేకుండా. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థలో తయారైన గ్రామప్రియ గుడ్లకు మంచిది. ఎదిగిన పెట్టలు ఎవరి దగ్గర దొరుకుతాయో మీ మండల పశువైద్యుణ్ణి అడగండి. సంక్రాంతి ముందు మాత్రం కొనబోకండి, ధరలు మండుతుంటాయి.

పెట్టకు 350 చొప్పున 2,800. పాత కర్రలు, సన్నకంత వెల్డ్‌మెష్‌తో (ఇనుప వలతో) చిన్న గూడు 8,000. మెష్ దగ్గర పిసినారితనం వద్దు, ముంగిస ఒక్క పూటలో ఎనిమిదింటినీ ముగించగలదు. ప్లాస్టిక్ నీళ్ళ డబ్బాలు, దాణా తొట్టి 700. రెండు బస్తాల దాణా 3,800. మొత్తం 15,300. పైన చెప్పిన 16,000 ఇదే. రెండున్నర నెలలు ఆగితే మీ జీతాల్లోంచే వస్తుంది.

టైమ్ కూడా లెక్క వేశాను. పొద్దున ఆరున్నరకు తలుపు తీసి, నీళ్ళు మార్చి, దాణా వేస్తే పావుగంట. సాయంత్రం గుడ్లు తీసుకుని, చీకటి పడ్డాక తలుపు వేస్తే పది నిమిషాలు. చీకటి పడేసరికి గూట్లోకి అవే చేరతాయి, మీరు వెంటపడి తరమక్కర్లేదు. ఆదివారం గంటసేపు గూట్లో వరి ఊక తిరగేయడం. మీ పెద్దబ్బాయికి పదేళ్ళన్నారు, గుడ్లు ఏరే పని వాడికి అప్పజెప్పండి.

ఎనిమిది పెట్టలు ఏడాదికి తలా 160 గుడ్లు పెడితే నెలకు నూరు పైచిలుకు. గుడ్డు 12 రూపాయలు వేసుకున్నా 1,280 అవుతుంది. దాణా 1,000. మిగిలేది రెండొందల ఎనభై, ఇంట్లో తినడానికి మంచి గుడ్లు, ఒక కోరిక తీరడం. యూట్యూబ్‌లో కోళ్ళతో నెలకు 40,000 అని ఎవరైనా చెప్తే, అతను కోడిపిల్లల్ని అమ్ముతున్నాడో, కోళ్ళని అమ్ముతున్నాడో ఒకసారి చూడండి. పిల్లల్ని మేమే ఇస్తాం, ఎదిగాక మేమే కొంటాం అని ఎవరైనా వస్తే అసలు తలుపే తీయకండి. 2012లో తమిళనాడు పెరుందురైలో ఈము పక్షులతో, 2019లో మహారాష్ట్ర సాంగ్లీ వైపు కడక్‌నాథ్ నల్లకోళ్ళతో అదే జరిగింది. కొనేవాడు మాయమయ్యాడు, పక్షులు, అప్పులు మిగిలాయి.

మిగతావి గబగబా. బంగారం పెట్టి తెస్తే చౌక కదా అంటే, అప్పు చౌకైనంత మాత్రాన దాణా చౌక కాదు. కోళ్ళకు కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తారు, సకాలంలో కడితే వడ్డీ నాలుగు శాతమే పడుతుంది. ఎప్పుడైనా వందకు వెళ్తే అది అడగండి, ఎనిమిదింటికి అక్కర్లేదు. జాతీయ లైవ్‌స్టాక్ మిషన్ (కేంద్రం పశుసంపద పథకం) ఇచ్చే 50 శాతం సబ్సిడీ వెయ్యి తల్లికోళ్ళు పెట్టేవాళ్ళకు, మీకు కాదు. రేపు లాభం వస్తే అది వ్యవసాయ ఆదాయం కాదు, వ్యాపార ఆదాయం కింద చూపించాలి. మీవారి ఆఫీసు ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, ఇంటికి విడిగా ఒకటి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దానిమీద జీఎస్‌టీ కూడా లేదు. ఇద్దరికీ టర్మ్ పాలసీ లేకపోతే కోళ్ళకన్నా ముందు అది.

మీ ఉత్తరంలో లేని ప్రశ్న ఇంకొకటి ఉంది. పండక్కి ఊరెళ్ళిన నాలుగు రోజులు ఆ తలుపు తీసేదెవరు? ఇద్దరికీ జ్వరమొస్తే? డబ్బులాగే మనిషి కూడా అక్కరకు సిద్ధంగా ఉండాలి. పక్కింటావిడతో ముందే మాట్లాడుకోండి, ఆ నాలుగు రోజుల గుడ్లు ఆవిడవే అని చెప్పండి. ఆవిడ సరేనన్నాకే గూటికి కర్రలు తెప్పించండి.

అప్రూవ్ అయిందన్న ఆ లక్ష ఇంకా మీ ఖాతాలో పడలేదనుకుంటున్నాను. పడకముందే దరఖాస్తు రద్దు చేయండి. రద్దయినట్టు మెసేజ్ వచ్చాక దాన్ని ఫొటో తీసి దాచుకుని, ఫోన్లో మీ కాంటాక్టులకు ఆ యాప్‌కిచ్చిన అనుమతి తీసేసి, ఆ తర్వాత యాప్ తీసేయండి.