గర్భంతో ఉండగా సర్వైకల్ క్యాన్సర్... బిడ్డను ఉంచుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 31. రెండో కాన్పు, ఇప్పుడు 18వ వారం. అప్పుడప్పుడూ బ్లీడింగ్ అవుతుంటే మాయ కిందికి ఉందేమో అనుకున్నాం. పరీక్ష చేస్తే గర్భాశయ ముఖద్వారం దగ్గర గడ్డ కనిపించింది. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. ఎమ్మారైలో గడ్డ 2.8 సెంటీమీటర్లు, పక్కలకు పాకలేదని వచ్చింది. మా అత్తగారు, ఆడపడుచు వెంటనే గర్భం తీయించేయమంటున్నారు. బిడ్డను ఉంచుకుంటే నా ప్రాణానికి ప్రమాదమా? కీమో ఇస్తే బిడ్డకేమవుతుంది?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, గర్భం వచ్చినంత మాత్రాన ఈ క్యాన్సర్ తొందరగా ముదిరిపోదు. అదే స్టేజీలో ఉన్న మామూలు మహిళకు కోలుకునే అవకాశం ఎంత ఉంటుందో, సరైన చికిత్స అందితే గర్భిణికీ దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి రేపటికి రేపే ఏదో ఒకటి తేల్చేయాలన్న టెన్షన్ పెట్టుకోకండి. అలాగని, కాన్పయ్యాక చూసుకుందామని ఊరుకునే స్టేజీ కూడా కాదు మీది. అలా ఆగడం క్యాన్సర్ లోతు చాలా తక్కువున్న తొలిదశలోనే కుదురుతుంది.

మీరు రాసిన కొలతను బట్టి ఇది 1బి2 స్టేజీ (క్యాన్సర్ ముఖద్వారం దాటకుండా, గడ్డ రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల మధ్య ఉన్న దశ) అనిపిస్తోంది. ఇప్పుడు తేలాల్సిన ముఖ్యమైన విషయం పొత్తికడుపులోని లింఫ్ గ్రంథులకు క్యాన్సర్ చేరిందా లేదా అన్నది. ఎమ్మారైలో బాగా కనిపించినా, కంటికి కనపడనంత చిన్న కణాలు అందులో తెలియవు. లాప్రోస్కోపీ (పొట్టపై చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) చేసి ఆ గ్రంథులు తీసి పరీక్షిస్తారు. గర్భసంచి పెరిగేకొద్దీ ఈ ఆపరేషన్ కష్టమవుతుంది. 22 వారాల్లోపే చేయాలి, అంటే మీకున్న వ్యవధి మూడు నాలుగు వారాలే. గ్రంథుల్లో క్యాన్సర్ ఉందని తేలితే మాత్రం, ఈ నెలల్లో గర్భం కొనసాగించమని నేను సలహా ఇవ్వలేను. అప్పుడు రేడియేషన్ ఆలస్యం చేయకూడదు, రేడియేషన్ ఇస్తే బిడ్డ దక్కదు.

గ్రంథులు శుభ్రంగా ఉంటే బిడ్డను ఉంచుకునే దారి ఉంది. దానికి ఆధారం కీమోనే. మొదటి మూడు నెలల్లో, అవయవాలు రూపుదిద్దుకునే వేళ, కీమో ఇవ్వకూడదు. మీరు ఆ దశ దాటేశారు. సాధారణంగా సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్, దాంతోపాటు పాక్లిటాక్సెల్ మూడు వారాలకోసారి ఇస్తారు. ప్రతిసారీ ముందు రక్తకణాలు, కిడ్నీ పరీక్షలు చూస్తారు. స్కానింగ్‌లో బిడ్డ బరువు, ఉమ్మనీరు, గుండె కొట్టుకోవడం గమనిస్తారు. గడ్డ తగ్గుతోందో లేదో మధ్యలో చూస్తారు. తగ్గకుండా పెరుగుతుంటే ప్లాన్ మార్చాల్సిందే, ఆ మాటకు ముందే సిద్ధపడి ఉండండి. చివరి డోసు 34వ వారం దాటనివ్వరు. కాన్పుకు ముందు మూడు వారాలు గ్యాప్ ఉంటే తల్లికీ బిడ్డకూ రక్తకణాలు కోలుకుంటాయి.

ఇలా కీమో తీసుకున్న తల్లుల పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తే, ఎక్కువమంది మామూలుగానే ఎదిగారు. వెనకబడిన పిల్లల్లో అందుకు ప్రధాన కారణం నెలలు నిండకుండా పుట్టడమేనని తేలింది. అందుకే కాన్పును వీలైనంతవరకు 37వ వారం దగ్గరికి తీసుకెళ్లాలని చూస్తాం. సిస్‌ప్లాటిన్ వాడితే పుట్టాక బిడ్డకు వినికిడి పరీక్ష తప్పనిసరి.

మామూలు కాన్పుకు మాత్రం ఒప్పుకోకండి. గడ్డ చిట్లి రక్తం ఆగకపోవచ్చు, కుట్లు పడ్డచోట క్యాన్సర్ మొలిచిన సందర్భాలున్నాయి, అరుదుగా బిడ్డ ఊపిరితిత్తుల్లోకి కణాలు చేరినట్టు కూడా బయటపడింది. సిజేరియన్‌లోనూ మామూలుగా కోసే అడుగు భాగాన్ని వదిలి గర్భసంచి పైభాగంలో నిలువుగా కోస్తారు. చాలాసార్లు అదే ఆపరేషన్‌లో గర్భసంచి కూడా తీసేస్తారు. తర్వాత కీమో ఉంటే తల్లిపాలు ఇవ్వకూడదు.

గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది మీ నిర్ణయం. మన చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం, మేజర్ అయిన మీ సమ్మతి చాలు. భర్త సంతకం కూడా అక్కర్లేదు. అత్తగారు భయంతోనే అంటున్నారు, కోప్పడకండి. ఈసారి డాక్టర్ దగ్గరికి ఆవిడనూ తీసుకెళ్లండి, నేరుగా వింటే ఆ భయం కొంత తగ్గుతుంది. ఈ జబ్బుకు కారణమైన, కలయిక ద్వారా సోకే హెచ్‌పీవీ వైరస్ ఎన్నో ఏళ్ల కిందటే ఒంట్లో చేరి ఉంటుంది. ఎవరి వల్ల అని ఇంట్లో ఆరా తీయనివ్వకండి.

ఈ వారంలోనే క్యాన్సర్ సర్జన్, హైరిస్క్ కాన్పుల డాక్టర్, నెలలు నిండని పిల్లలను చూసే ఐసీయూ ఉన్నచోటికి వెళ్లండి. హైదరాబాద్ మీకు దగ్గరే. కాగితం రిపోర్టులతో సరిపెట్టకుండా ల్యాబ్ నుంచి బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (మైనంలో భద్రపరిచిన బయాప్సీ ముక్కలు), ఎమ్మారై సీడీ అడిగి తీసుకోండి. అక్కడి పాథాలజిస్టు మళ్లీ చూడాలి. ఈలోగా కలయిక వద్దు. ప్యాడ్ గంటకొకటి తడిసేంత బ్లీడింగ్ అయితే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా దగ్గర్లో రక్తం ఎక్కించే సౌకర్యమున్న ఆసుపత్రికి వెళ్లిపోండి.