వేలిముద్ర చెప్పేది ఎంతవరకు?

నేర పరిశోధనలో విజ్ఞానశాస్త్రం పాత్ర గురించి ఇటీవల వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: వేలిముద్రలతో నేరస్థుణ్ని పట్టుకునే పద్ధతి మన దేశంలోనే పుట్టిందని మా మాస్టారు చెప్పేవారు. అది నిజమేనా?
— ఒక పాఠకురాలు, తెనాలి

మీ మాస్టారు చెప్పినది చాలావరకు నిజం. చేవ్రాలు చేయడం రానివాళ్ల చేత దస్తావేజు మీద వేలిముద్ర వేయించడం మనకు కొత్త విషయం కాదు. అయితే ఆ ముద్ర మనిషిని బట్టి మారుతుందనీ, ఏళ్లు గడిచినా అది మారదనీ పరీక్షించి చూసిన తొలివారిలో ఒకరు బెంగాల్‌లో ఉద్యోగం చేసిన విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి. ఆయన 1858లో జంగీపూర్‌లో ఉండగా, రోడ్డు పనికి సామగ్రి తెచ్చి ఇచ్చే రాజ్యధర్ కొనాయ్ అనే గుత్తేదారు ఒప్పందం వెనక అరచేతి ముద్ర వేయించుకున్నాడు. రేపు ఆ మనిషి ‘ఈ సంతకం నాది కాదు’ అనకుండా ఉండాలన్నదే ఆయన ఉద్దేశం. తర్వాత 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు పింఛన్లకూ, రిజిస్ట్రేషన్లకూ, జైలు రికార్డులకూ ఈ పద్ధతినే వాడాడు. నేరం జరిగిన చోట దొరికే ముద్రలతో నేరస్థుణ్ని గుర్తించవచ్చని 1880లో పత్రికాముఖంగా సూచించినవాడు జపాన్‌లో వైద్యుడిగా ఉన్న హెన్రీ ఫాల్డ్స్. ఒక హత్య కేసు నిజంగా వేలిముద్రతో తేలింది మాత్రం 1892లో, అర్జెంటీనాలో. అక్కడ తలుపు చట్రం మీద పడిన రక్తపు ముద్ర, పిల్లల చావుకు పొరుగువాణ్ని కారకుడిగా చూపిన తల్లినే పట్టించింది.

మరి మన దేశానికి దక్కే గౌరవం ఏమిటి? జైళ్లలోనూ ఠాణాల్లోనూ వేల మంది ముద్రలు పోగయ్యాక, ఒక కొత్త ముద్ర చేతికి వచ్చినప్పుడు దాని జతను ఆ గుట్టలో ఎలా వెతకాలన్నది అసలైన చిక్కు. పేర్లనైతే అక్షర క్రమంలో పెట్టుకోవచ్చు, కానీ నేరస్థుడు ఊరికో పేరు చెబుతాడు. ఈ చిక్కు కలకత్తాలో విడిపోయింది. బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ దగ్గర పనిచేసిన అజీజుల్ హక్ అనే గణితం చదివిన యువకుడు, హేమచంద్ర బోస్ అనే మరో అధికారి కలిసి ముద్రలకు లెక్క కట్టే పద్ధతిని తయారు చేశారు. మన పెద్దవాళ్లు పిల్లల వేళ్లు పట్టుకుని చక్రాలెన్ని, శంఖాలెన్ని అని ఎంచడం మీరు చూసే ఉంటారు. ఈ లెక్కకూ ఆధారం ఆ చక్రమే. పది వేళ్లలో ప్రతి వేలికీ చక్రం ఉండవచ్చు, లేకపోవచ్చు. అంటే రెండును పదిసార్లు హెచ్చించినన్ని అమరికలు, 1024, సాధ్యమవుతాయి. పది వేళ్లనూ ఐదు జతలు చేసి, చక్రం కనిపించిన వేలికి దాని జతను బట్టి 16, 8, 4, 2, 1 చొప్పున విలువలిచ్చి కూడితే, ఒక మనిషి ముద్రల పత్రం బీరువాలో ఏ అరలోకి పోవాలో ఒక భిన్నంలా తేలిపోతుంది. ఈ లెక్క చేతికొచ్చాక గుమాస్తా గుట్టంతా తిరగేయనక్కరలేదు, ఒక్క అర వెతికితే చాలు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. హెన్రీ లండన్ వెళ్లి 1901లో అక్కడి పోలీసుల ప్రధాన కార్యాలయమైన స్కాట్లండ్ యార్డులో అలాంటిదే నెలకొల్పాడు. ప్రపంచమంతా దాన్ని ‘హెన్రీ పద్ధతి’ అన్నది. హక్‌కు ఖాన్ బహదూర్, బోస్‌కు రాయ్ బహదూర్ బిరుదులు దక్కాయి గానీ, పద్ధతి పేరులో మాత్రం వాళ్లకు చోటు దక్కలేదు. ఈ విషయం రాయవలసి వచ్చిన ప్రతిసారీ నాకు కష్టంగానే ఉంటుంది.

ఆ రోజుల్లోనే జరిగిన జల్పాయ్‌గురి కేసు గురించి కూడా చెప్పాలి. అక్కడి ఒక టీ తోట మేనేజరును గొంతు కోసి చంపి, డబ్బు దోచుకుపోయారు. వంటమనిషిని, కూలీలను, మరికొందరిని అనుమానించారు. వస్తువుల్లో దొరికిన బెంగాలీ పంచాంగం అట్ట మీద రెండు గోధుమరంగు మరకలు కనిపించాయి. వాటిలో ఒకటి కలకత్తా బ్యూరోలో ఉన్న ఒక పాత ఖైదీ కుడి బొటనవేలి ముద్రతో సరిపోయింది. అతను అదే మేనేజరు దగ్గర పనిచేసి, దొంగతనం కేసులో ఆయన వల్లనే జైలుకు వెళ్లినవాడు. ఆ మరక రక్తపుదేనని రసాయన పరీక్షకుడు తేల్చాడు. ఇంత ఉన్నా, 1898లో న్యాయస్థానం అతనికి దొంగతనం నేరానికే శిక్ష వేసింది. చంపడం ఎవరూ చూడలేదు కనుక హత్యానేరం రుజువు కాలేదని భావించింది. ఆ వేలు ఆ పంచాంగాన్ని తాకిందని ముద్ర చెప్పింది. ఆ చేయే కత్తి పట్టిందని చెప్పడానికి అదొక్కటే చాలదని న్యాయస్థానం అనుకుంది. ఇది సరైన తీర్పా కాదా అని వాదించుకోవచ్చు గానీ, వేలిముద్ర సాక్ష్యాన్ని కొత్తగా చూస్తున్న ఒక న్యాయస్థానం మొదటి అడుగులోనే దాని హద్దు ఎక్కడో ఆలోచించిందన్నది నాకు గొప్పగా తోస్తుంది.

ప్రశ్న: లంచం కేసుల్లో చేతులు కడిగితే నీళ్లు గులాబీ రంగులోకి మారాయని వార్తల్లో చదువుతుంటాం. రంగు మారితే నేరం రుజువైనట్లేనా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

కాదు. ఏసీబీ అధికారులు ఫిర్యాదుదారు ఇచ్చే నోట్లకు ముందుగానే ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. అది కంటికి కనబడదు. నోట్లు పట్టుకున్న చేతివేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే, క్షార ద్రావణంలో ఆ పొడి గులాబీ రంగు తేలుతుంది. ఆ నీళ్లను సీసాల్లో పోసి, మధ్యవర్తుల సమక్షంలో సీలు వేసి ప్రయోగశాలకు పంపుతారు. ఇదంతా చేసి తేల్చేది, ఆ చేయి ఆ నోట్లను తాకిందన్న ఒక్క సంగతినే. ఆ అధికారి లంచం అడిగాడా, లంచమని తెలిసే తీసుకున్నాడా అన్నది వేరే సాక్ష్యంతో తేలాలి. లంచం అడిగినట్లూ తీసుకున్నట్లూ రుజువు చేయడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022లో స్పష్టం చేసింది. ఫిర్యాదుదారు చనిపోయినా, మాట మార్చినా, ఆ రుజువును ఇతర పరిస్థితుల సాక్ష్యం నుంచి కూడా తీసుకోవచ్చని అదే తీర్పులో చెప్పింది.

ఇదే ఫినాఫ్తలీన్ మరో రూపంలో రక్తపు మరకను కనిపెట్టడానికీ పనికివస్తుంది. అయితే ముల్లంగి వంటి కొన్ని కూరగాయల రసానికి కూడా ఆ రంగు రావచ్చు. అందుకే దాన్ని ప్రాథమిక పరీక్షగానే చూస్తారు. అది రక్తమేనా, మనిషి రక్తమేనా అన్నది మరో పరీక్షతో ఖాయం చేసుకుంటారు.

ప్రశ్న: వేలిముద్రల పోలికలో పొరపాటు జరగదని అంటారు. అందులో నిజమెంత?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

ఇద్దరికి ఒకే ముద్ర ఉండడం వేరు, ఇద్దరి ముద్రలను ఒకటేనని పొరపాటు పడడం వేరు. వేళ్ల మీది గీతలు తల్లి కడుపులో మూడు, నాలుగు నెలల నాటికి ఏర్పడతాయి. ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు కూడా అవి ఒకేలా ఉండవు. చిక్కంతా నేరం జరిగిన చోట దొరికే ముద్రతోనే వస్తుంది. పోలీసులు సిరా పూసి తీసుకున్న ముద్రలా అది నిండుగా ఉండదు, సగం చెరిగి ఉంటుంది, వంకరగా పడి ఉంటుంది.

2004 మార్చిలో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలినప్పుడు, డిటొనేటర్లున్న ఒక ప్లాస్టిక్ సంచి మీద దొరికిన ముద్రను అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తన కంప్యూటరులో వెతికించింది. కంప్యూటరు పోలికలున్న కొందరి జాబితా ఇచ్చింది. వాళ్లలో ఒరెగాన్‌కు చెందిన ఒక న్యాయవాదిదే ఆ ముద్ర అని అనుభవజ్ఞులైన నిపుణులు తేల్చేశారు. ఆయన దాదాపు రెండు వారాలు నిర్బంధంలో ఉన్నాక, అది ఒక అల్జీరియా దేశస్థుడి ముద్ర అని స్పెయిన్ పోలీసులు బయటపెట్టారు. మొదటి నిపుణుడు తేల్చింది తెలిసే తర్వాతి నిపుణులు పరిశీలించారు, తెలిసి చూసిన కన్ను తెలిసినదాన్నే చూస్తుంది. మన దేశంలో 2022 నుంచి జాతీయ స్థాయిలో వేలిముద్రల కంప్యూటరు వ్యవస్థ పనిచేస్తున్నది కనుక, ఈ అనుభవాన్ని ఇక్కడ కూడా గుర్తుంచుకోవాలి. యంత్రం జాబితా మాత్రమే ఇస్తుంది, ‘ఇతనే’ అనే మాట మనిషి చెప్పేదే.

ప్రశ్న: డీఎన్‌ఏ పరీక్షకూ మన హైదరాబాద్‌కూ ఉన్న సంబంధం ఏమిటి? ఆ పరీక్ష ఉండగా వేరే సాక్ష్యం ఎందుకు?
— ఒక విద్యార్థిని, నల్గొండ

మనుషుల డీఎన్‌ఏలో కొన్ని భాగాలు మళ్లీమళ్లీ వస్తాయని, అవి ఎన్నిసార్లు వస్తాయన్నది ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుందని, దాన్ని బట్టి మనిషిని గుర్తించవచ్చని 1984లో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ కనుక్కున్నారు. ఆ దగ్గరలోని పల్లెల్లో 1983లోనూ 1986లోనూ ఇద్దరు బాలికలు హత్యకు గురయ్యారు. పోలీసులు పట్టుకున్న 17 ఏళ్ల కుర్రవాడు రెండో హత్య తానే చేశానని ఒప్పుకున్నాడు. జెఫ్రీస్ పరీక్ష చేస్తే రెండు నేరాలూ ఒకే మనిషి చేశాడని, అతను ఈ కుర్రవాడు కాడని తేలింది. ఆ తర్వాత చుట్టుపక్కల వేల మంది మగవాళ్ల రక్తం సేకరించారు. అసలు నేరస్థుడు తన బదులు తోటి ఉద్యోగి చేత రక్తం ఇప్పించాడు. ఆ ఉద్యోగి ఒక పబ్బులో నోరు జారడంతో సంగతి బయటపడి, 1988లో శిక్ష పడింది. నేర పరిశోధనలో అడుగుపెట్టగానే డీఎన్‌ఏ చేసిన మొదటి పని, తప్పు ఒప్పుకున్న ఒక నిర్దోషిని కాపాడటం.

ఇక హైదరాబాద్ సంగతి. లాల్జీ సింగ్ అనే శాస్త్రవేత్త పాముల్లో ఆడ, మగ తేడాకు కారణమయ్యే క్రోమోజోముల మీద పరిశోధన చేస్తూ, కట్లపాముల జాతికి చెందిన ఒక పాము డీఎన్‌ఏలో మళ్లీమళ్లీ వచ్చే ఒక భాగాన్ని గుర్తించారు. హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ అనే సంస్థలో, 1980ల చివర, దాని ఆధారంగానే మనుషుల డీఎన్‌ఏను పోల్చే సాధనాన్ని మన దేశంలోనే తయారు చేశారు. పాముల మీద చేసిన పని మనుషుల కేసులకు ఉపయోగపడుతుందని అది మొదలుపెట్టిన రోజున ఎవరూ ఊహించలేదు. ప్రయోజనం వెంటనే కనబడని పరిశోధనకు డబ్బు ఎందుకని అడిగేవాళ్లకు నేను ఈ కథే చెబుతాను. కేరళలోని తలశ్శేరిలో నడిచిన పితృత్వ వివాదంలో ఈ పరీక్ష మొదటిసారి మన న్యాయస్థానం ముందుకు వచ్చింది. 1991లో రాజీవ్ గాంధీ హత్య కేసులో, 1995లో ఢిల్లీ తందూర్ హత్య కేసులో శరీర భాగాలు ఎవరివో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్ష ఉపయోగపడింది. తర్వాత 1990లలోనే ఈ పనికి హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే ప్రత్యేక సంస్థ ఏర్పడింది.

మీ ప్రశ్నలో రెండో భాగానికి వస్తే, డీఎన్‌ఏ కూడా ‘ఎవరిది’ అనే చెబుతుంది గానీ ‘ఎప్పుడు’, ‘ఎందుకు’ అన్నది చెప్పదు. ఒక ఇంట్లో రోజూ తిరిగే మనిషి వెంట్రుక ఆ ఇంట్లో దొరికితే దానితో తేలేది ఏమీ ఉండదు. అదే వెంట్రుక మృతురాలి పిడికిట్లో దొరికితే దాని విలువ వేరు. పైగా ఆ వెంట్రుక పిడికిట్లోనే దొరికిందని, దాన్ని తీసినవారు ఎవరో, సీలు వేసింది ఎప్పుడో, ప్రయోగశాలకు చేరేదాకా అది ఎవరెవరి చేతుల్లో ఉందో కాగితం మీద చూపగలగాలి. తడి ఆరని రక్తపు గుడ్డను ప్లాస్టిక్ సంచిలో కట్టి పెడితే లోపల సూక్ష్మజీవులు పెరిగి డీఎన్‌ఏ పాడైపోతుంది. దాన్ని నీడలో ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టాలి. మంచి ప్రయోగశాలలో మంచి శాస్త్రవేత్త చేసే పని ఫలించాలన్నా, మొదట ఆ గుడ్డను చేతిలోకి తీసుకున్న కానిస్టేబులుకు ఈ చిన్న సంగతి తెలిసి ఉండాలి.

ప్రశ్న: నార్కో పరీక్ష చేస్తే నిజం బయటపడుతుంది కదా, అన్ని పెద్ద కేసుల్లో ఎందుకు చేయరు?
— ఒక పాఠకుడు, అనంతపురం

మత్తు మందు మనిషి చేత మాట్లాడించగలదు గానీ, ఆ మాటలు నిజమేనని హామీ ఇవ్వలేదు. మత్తులో ఉన్నవాడు ఊహించినవీ, అడిగినవాడు అందించినవీ కూడా చెబుతాడు. పైగా నార్కో, పాలీగ్రాఫ్ (అబద్ధాన్ని పట్టే యంత్రంతో చేసేది), బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు స్పందనలను నమోదు చేసేది) పరీక్షలను మనిషి సమ్మతి లేకుండా చేయడం, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా బలవంతపెట్టడమేననీ, అది రాజ్యాంగ విరుద్ధమనీ సుప్రీంకోర్టు 2010లో సెల్వీ కేసులో తీర్పు ఇచ్చింది. సమ్మతితో చేసినా, అక్కడ చెప్పిన మాటలు నేరుగా సాక్ష్యం కావు. వాటి సాయంతో ఏదైనా వస్తువు దొరికితే ఆ వస్తువును సాక్ష్యంగా చూపవచ్చు. వేలిముద్రల సంగతి వేరు. వాటిని ఇవ్వడం తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పడం కిందికి రాదని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది.

ప్రశ్న: మేము ఊరికి వెళ్లి వచ్చేసరికి ఇంట్లో దొంగలు పడ్డారు. ఇరుగుపొరుగు వచ్చి బీరువాలన్నీ చూశారు, సాయం చేద్దామని సామాను కూడా సర్దారు. క్లూస్ టీమ్ వాళ్లు వచ్చి ముద్రలేమీ పనికిరావన్నారు. మేము ఏం చేసి ఉండాల్సింది?
— ఒక గృహిణి, గుంటూరు

మీకు జరిగిన నష్టానికి బాధగా ఉంది. మీ ఇరుగుపొరుగు తప్పుడు ఉద్దేశంతో చేయలేదని తెలుసు కనుక వాళ్లను నిందించలేము. అయితే ప్రతి చేయీ ఒక ముద్ర వదిలి, ఒక ముద్రను చెరిపేస్తుంది. తాళం పగిలి కనిపించగానే లోపలికి వెళ్లకుండా, దొంగ ఇంకా లోపలే ఉండవచ్చన్న కారణం చేత కూడా, బయటి నుంచే 112కు ఫోన్ చేయాలి. పోలీసులు వచ్చేదాకా గడపలో, బీరువా దగ్గర ఎవరినీ తిరగనివ్వకూడదు. దొంగ తాకి ఉండే గాజు, ఉక్కు, చైనా పింగాణీ వంటి నున్నని వస్తువుల మీద ముద్రలు బాగా పడతాయి, వాటిని ముట్టుకోకూడదు. దొంగ తాగి వదిలిన నీళ్ల గ్లాసు, కాల్చి పారేసిన సిగరెట్టు ముక్క, గోడ దూకిన చోట మట్టిలో పడిన చెప్పు గుర్తు కూడా పనికివస్తాయి. వాన వచ్చేలా ఉంటే ఆ గుర్తు మీద ఒక గిన్నె బోర్లించండి. ఇంట్లోవాళ్ల ముద్రలు పోలీసులు అడిగితే సందేహించకుండా ఇవ్వండి. మీ ముద్రలను పక్కకు తీసేస్తేనే కొత్తవి కనబడతాయి.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలి, దాన్ని వీడియో తీయించాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు గడువు ఇచ్చారు. నివాసముండే ఇంట్లో దొంగతనానికి చట్టం పెట్టిన గరిష్ఠ శిక్ష ఏడేళ్లు కనుక, అదీ ఈ కోవలోకే వస్తుంది. మీ ఎఫ్‌ఐఆర్ ప్రతిని తీసుకుని ఏ సెక్షన్ కింద నమోదు చేశారో చూసి, ఘటనా స్థల పంచనామాలో క్లూస్ టీమ్ రాక, వాళ్లు తీసుకున్న నమూనాలు నమోదయ్యాయో లేదో దర్యాప్తు అధికారిని అడగండి.